గొంతులో గడ్డ, చేతిలో అద్దం: వోకల్ కార్డ్స్ ఆపరేషన్ల చరిత్ర

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు చిన్న పని చేయండి. ఖాళీగా ఉన్న చేత్తో గొంతు మధ్యలో ముట్టుకుని "ఆ..." అని సాగదీయండి. వేళ్ళ కింద జుమ్మంటోంది కదా? లోపల రెండు చిన్న మడతలు ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉన్నాయి. మగవాళ్ళ మామూలు మాటలో సెకనుకి వంద సార్లకి పైగా, ఆడవాళ్ళలో రెండు వందల సార్ల దాకా. పుస్తకాల్లో స్వర తంత్రులు అంటారు, ఆస్పత్రిలో వోకల్ కార్డ్స్ అంటారు. పొడవు ఎంతో తెలుసా? రెండు సెంటీమీటర్లు కూడా సరిగ్గా ఉండదు. ఆడవాళ్ళలో ఇంకా తక్కువ.

ఈ మడతల మీద ఆవగింజంత గడ్డ వచ్చిందనుకోండి. కేన్సర్ కాదు. ప్రాణానికి ఏమీ కాదు. కానీ రెండు మడతలూ సరిగ్గా మూసుకోవు, మధ్యలోంచి గాలి పోతుంది, గొంతు బొంగురు పోతుంది. ఎక్కువ అరిచేవాళ్ళకి, పాడేవాళ్ళకి, రోజంతా క్లాసులు చెప్పేవాళ్ళకి వచ్చే నాడ్యూల్స్ ఒక రకం. ఒక్కసారిగా గట్టిగా అరిచినప్పుడు లోపల చిన్న రక్తనాళం చిట్లి తయారయ్యే పాలిప్ ఇంకో రకం. పొర కింద దాక్కుని ఉండే సిస్ట్ మరొకటి. మన పద్య నాటకాల నటుల సంగతి తీసుకోండి, మైకు ఉన్నా లేకపోయినా రాగం తీయాలి, జనం "వన్స్ మోర్" అంటే మళ్ళీ మొదటి నుంచి తీయాలి. సంతలో కేకలేసి అమ్మేవాళ్ళు, హరికథలు చెప్పేవాళ్ళు, ట్యూషన్ సార్లు, అందరిదీ ఇదే అవస్థ.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ప్రాణం మీదికి వచ్చిన రోగమైతే డాక్టర్ కాస్త ఎక్కువ కోసినా "పోనీ, మనిషి బతికాడు" అనుకుంటాం. ఈ గడ్డల్లో ఆ మాట చెల్లదు. పేషెంట్ వచ్చిందే గొంతు కోసం. గడ్డ పోయి గొంతు కూడా పోతే ఆ ఆపరేషన్‌కి అర్థం ఏముంది? అందుకే దీని చరిత్ర మిగతా సర్జరీల చరిత్రలా ఉండదు.

కథ డాక్టర్‌తో మొదలవదు. ఒక పాటల మాస్టారుతో మొదలవుతుంది. పేరు మాన్యుయెల్ గార్సియా. 1805లో పుట్టిన స్పెయిన్ మనిషి. సంగీతమే ఇంటి వృత్తి, చెల్లెళ్ళు మరియా మాలిబ్రాన్, పౌలీన్ వియార్దో ఇద్దరూ యూరప్ అంతా పేరున్న ఒపెరా గాయనులు. గార్సియా లండన్‌లో పాఠాలు చెప్పేవాడు. గొంతు లోపల ఏం జరుగుతోందో చూడాలని ఏళ్ళ తరబడి ఆయనకి ఒకటే తపన. 1854లో పారిస్ వెళ్ళినప్పుడు పాలే రాయల్ తోటలో నడుస్తుంటే కిటికీ అద్దాల మీద ఎండ తళుక్కుమంది. అంతే, ఆలోచన వెలిగింది. సర్జరీ పనిముట్లు అమ్మే షారియేర్ దుకాణానికి వెళ్ళి, పొడుగు పిడి ఉన్న పళ్ళ డాక్టర్ అద్దం ఒకటి ఆరు ఫ్రాంకులకి కొన్నాడు. లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే ఎవరూ పట్టించుకోని సరుకు అది.

ఆ అద్దాన్ని వేడి నీళ్ళలో ముంచి తుడిచాడు. ఎందుకంటే చల్లటి అద్దం నోట్లో పెడితే ఊపిరికి మసకబారుతుంది. దాన్ని అంగిలి వెనక ఆనించి, చేతిలో ఇంకో అద్దం పట్టుకుని దాంతో ఎండని లోపలికి కొట్టాడు. తన గొంతు, తన మడతలు తెరుచుకుని మూసుకోవడం తనే చూసుకున్నాడు. ఒక రకంగా చరిత్రలో మొదటి గొంతు సెల్ఫీ అన్నమాట. 1855లో లండన్ రాయల్ సొసైటీకి ఆ వ్యాసం వెళ్ళింది. ఆయన మాత్రం రోగాలు, ఆపరేషన్లు ఏవీ మనసులో పెట్టుకోలేదు, పాట ఎలా పుడుతుందో తెలిస్తే చాలనుకున్నాడు. నూటొక్క ఏళ్ళు బతికాడు. 1905లో వందో పుట్టినరోజుకి దేశదేశాల గొంతు డాక్టర్లు వచ్చి సన్మానం చేశారు.

డాక్టర్ల లోకంలోకి ఈ అద్దాన్ని తెచ్చింది వియన్నాలో ట్యుర్క్, తర్వాత చెర్మాక్. ట్యుర్క్ 1857 ఎండాకాలంలో సూర్యుడి వెలుగుతో పరీక్షలు మొదలుపెట్టాడు. చలికాలం వచ్చాక ఎండ లేక పక్కన పెట్టేశాడు. చెర్మాక్ ఆ అద్దాలు అడిగి తీసుకెళ్ళి దీపం వెలుగుతో పని కానిచ్చాడు. తర్వాత ఘనత ఎవరిదని ఇద్దరూ ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఆ గొడవ మనకి అక్కర్లేదు.

చూడటం వచ్చింది. మరి తీయడం? అప్పటిదాకా గొంతులో గడ్డ తీయాలంటే మెడ ముందు వైపు నుంచి స్వరపేటికని నిలువునా చీల్చడమే. 1861లో జర్మనీలోని ట్యుబింగెన్‌లో విక్టర్ ఫాన్ బ్రున్స్ అనే సర్జన్, మెడ కోయకుండా, నోటి దారిలో, అద్దంలో చూసుకుంటూ ఒక పాలిప్ తీశాడు. పేషెంట్ ఎవరో తెలుసా? సొంత తమ్ముడు. మత్తు లేదు. గొంతు తిమ్మిరెక్కించే మందు కూడా లేదు.

ఒక్క నిమిషం ఆగి ఊహించుకోండి. బ్రష్ కాస్త వెనక్కి వెళ్తేనే మనకి డోకు వస్తుంది. అలాంటిది ఆ తమ్ముడు వారాల తరబడి గొంతుకి పనిముట్లు అలవాటు చేసుకున్నాడు, తగిలినా కదలకుండా ఉండేలా. అన్నయ్య సంగతీ తక్కువ కాదు. అద్దంలో ముందుది వెనక్కి కనిపిస్తుంది, అంటే చెయ్యి ఇటు తిప్పితే కత్తి అటు పోయినట్టుంటుంది. వంకర తిరిగిన పొడుగు పనిముట్టు చివర చిన్న కత్తి, ఎదురుగా ఊపిరి పీలుస్తున్న మనిషి. చివరికి తమ్ముడి గొంతు బాగుపడింది. అప్పట్లో చాలామంది డాక్టర్లు దీన్ని పొగరుబోతు పని అన్నారు, ఇంకెవరూ చేయొద్దన్నారు. నన్నడిగితే వాళ్ళ భయం అర్థం లేనిదేమీ కాదు. ఒక్క దగ్గు వస్తే చాలు కదా, కత్తి ఎక్కడ దిగుతుందో!

ఈ బాధ తగ్గింది 1884లో. ఆ ఏడాది వియన్నాలో కార్ల్ కోలర్ కంటి ఆపరేషన్‌కి కొకైన్ చుక్కలు వాడి తిమ్మిరి తెప్పించాడు. అవును, ఆ కొకైనే. నెలల్లోనే యెలినెక్ అనే డాక్టర్ దాన్ని గొంతుకి పూశాడు. వారాల ట్రైనింగ్ కాస్తా నిమిషాల పని అయింది.

ఇప్పుడు ఒక రాజుగారి గొంతు. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే "కేన్సరా, కాదా" అన్న ప్రశ్న ఎంత బరువైందో ఇక్కడ తెలుస్తుంది. 1887 జనవరిలో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కి గొంతు బొంగురు పోయింది. గెర్హార్ట్ అనే ప్రొఫెసర్ ఎడమ మడత మీద చిన్న గడ్డ చూసి, కరెంటుతో ఎర్రగా కాల్చిన తీగతో పదే పదే కాల్చాడు. గడ్డ మళ్ళీ మళ్ళీ వచ్చింది. మే నెలకల్లా జర్మన్ డాక్టర్లు ఇది కేన్సరే అనుకుని, మెడ చీల్చి తీసేయడానికి సిద్ధమయ్యారు. ఆఖరి నిమిషంలో లండన్ నుంచి మోరెల్ మెకెంజీని పిలిపించారు. గొంతు డాక్టర్లలో అప్పటికి ఆయనే పెద్ద పేరు.

మెకెంజీ అన్నాడు, ముక్క తీసి పరీక్ష చేయకుండా కోయడానికి వీల్లేదని. నోటి దారిలో పట్టుకారు పంపి చిన్న ముక్కలు తీశాడు. పరీక్ష చేసింది ఎవరో కాదు, విర్కో. సూక్ష్మదర్శినిలో రోగాలు చదవడం లోకానికి నేర్పిన మనిషి. ఆయన ఆ ముక్కల్లో కేన్సర్ కనపడలేదన్నాడు. ఆపరేషన్ ఆగింది. నవంబర్‌కి మాత్రం అందరికీ తెలిసిపోయింది, అది కేన్సరే అని. 1888 ఫిబ్రవరిలో ఊపిరాడక గొంతుకి రంధ్రం చేసి గొట్టం పెట్టారు. మార్చిలో తండ్రి చనిపోతే ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యాడు, కానీ నోట మాట లేదు, కాగితాల మీద రాసి చూపించేవాడు. 99 రోజులు ఏలి జూన్ 15న పోయాడు. ఆ తర్వాత గద్దె ఎక్కింది రెండో విల్హెల్మ్, మొదటి ప్రపంచ యుద్ధం నాటి కైజర్. ఫ్రెడరిక్ బతికి ఉంటే యుద్ధమే వచ్చేది కాదని కొందరు రాస్తారు. అంత దూరం నేను వెళ్ళను. ఆ రోజుల్లో ఆ పెద్ద ఆపరేషన్‌లోనే చాలామంది పోయేవాళ్ళు, కాబట్టి చేసినా బతికేవాడని ఎవరూ గట్టిగా చెప్పలేరు. మెకెంజీ చెప్పిన పద్ధతి, అంటే ముందు ముక్క తీసి చూడటం, ఈ రోజుకీ సరైనదే. ఆ ముక్కలో దొరకనంత మాత్రాన గొంతులో లేదని కాదు, దెబ్బ తగిలింది అక్కడ.

1895లో బెర్లిన్‌లో కిర్‌స్టైన్ అద్దాన్నే పక్కన పెట్టాడు. తల వెనక్కి వంచి, నాలుకని నొక్కి, వెలుగున్న గొట్టంతో నేరుగా మడతల్ని చూశాడు. ముందుది ముందే, వెనకది వెనకే. తర్వాత అమెరికాలో షెవలియర్ జాక్సన్ ఈ గొట్టాలకి మంచి రూపు తెచ్చాడు. జర్మనీలో కిలియాన్ ఇంకో ఉపాయం పట్టాడు. గొట్టాన్ని డాక్టర్ చేత్తో పట్టుకోకుండా ఒక స్టాండుకి వేలాడదీశాడు. చిన్న మార్పులా ఉంది కదా? కానీ దాంతో డాక్టర్‌కి రెండు చేతులూ ఖాళీ అయ్యాయి.

ఆ రెండు చేతుల విలువ పూర్తిగా తెలిసింది 1960లలో. కొలోన్‌లో ఆస్కార్ క్లైన్‌సాసర్ గొంతు గొట్టం ముందు ఆపరేషన్ మైక్రోస్కోప్ పెట్టాడు. చెవి ఆపరేషన్లకి వాడే లెన్స్ ఇక్కడ పనికిరాదు, మరీ దగ్గర. 400 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే మైక్రోస్కోప్‌కీ నోటికీ మధ్య పొడుగు పనిముట్లు పట్టేంత చోటు వచ్చింది. పేషెంట్‌కి పూర్తి మత్తు, కదలిక లేదు. ఒక చేత్తో గడ్డని పట్టుకుని ఇంకో చేత్తో చిన్న కత్తెర. 1968లో ఆయన పుస్తకం వచ్చింది. మైక్రోలారింగోస్కోపీ అని ఈ రోజు మన ఊళ్ళ ఆస్పత్రుల్లో ఈఎన్‌టీ డాక్టర్లు చేసేదానికి పునాది ఇదే.

కానీ గొంతులు ఇంకా పోతూనే ఉన్నాయి! బాగా కనిపిస్తోంది, చేతులు కదలట్లేదు, పనిముట్లు సన్నవి, అయినా కొందరికి ఆపరేషన్ తర్వాత ముందుకన్నా ఘోరంగా ఉండేది. ఎందుకు? అప్పట్లో స్ట్రిప్పింగ్ అని ఒక పద్ధతి ఉండేది. గడ్డని పట్టుకుని పై పొరని చింతపండు తొక్క ఒలిచినట్టు లాగేయడం. పొర మళ్ళీ పెరుగుతుందిలే అనుకునేవాళ్ళు. పెరిగేది కూడా. కానీ అదుర్లేదు.

జవాబు చెప్పింది జపాన్‌లో కురుమె యూనివర్సిటీ డాక్టర్ మినోరు హిరానో, 1970లలో. వోకల్ కార్డ్ ఒకే ముద్ద కాదని, పొరలు పొరలుగా ఉంటుందని మైక్రోస్కోప్ కింద చూపించాడు. పైన పల్చటి చర్మం లాంటి పొర. దాని కింద జెల్లీలాంటి మెత్తటి పొర. దాని కింద సాగే నారలు, గట్టి నారలు, అడుగున కండరం. శబ్దం చేసేటప్పుడు కండరం పెద్దగా కదలదు, పైన రెండు పొరలే దాని మీద అలలా జారుతుంటాయి. బురద మీద నీళ్ళు కదిలినట్టు అనుకోండి. ఆ జెల్లీ పొర పోతే పై చర్మం అడుగు నారకి అతుక్కుపోతుంది. అల ఆగిపోతుంది. మనిషి మాట్లాడతాడు, కానీ గాలి గొంతుతో.

నా లెక్కలో ఈ మొత్తం కథలో అతి పెద్ద మలుపు ఇదే. లేజర్ కాదు, మైక్రోస్కోప్ కాదు. ఎందుకంటే దీని తర్వాతే డాక్టర్ల ప్రశ్న మారింది. అంతకుముందు "గడ్డ మొత్తం వచ్చిందా?" అనేవాళ్ళు. ఇప్పుడు "కింద ఎంత మిగిల్చాం?" అంటారు. దీంట్లోంచే 1980లలో మైక్రోఫ్లాప్ వచ్చింది. పొర కింద సన్నటి సూదితో కొంచెం సెలైన్, అడ్రినలిన్ ఎక్కించి ఉబ్బేలా చేస్తారు. గడ్డ పక్కన చిన్న గాటు పెట్టి, చర్మాన్ని పుస్తకం అట్టలా ఎత్తి, లోపలి సిస్ట్‌ని మాత్రం తీసి, అట్టని మళ్ళీ మూసేస్తారు. తర్వాత అమెరికాలో సటలాఫ్ 1995లో ఇంకా చిన్నగా, గడ్డ అంత మేరకే ఎత్తే మినీ మైక్రోఫ్లాప్ గురించి రాశాడు.

లేజర్ సంగతి ఇక. గొంతులో మొదట వాడిన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మనవాడే, కుమార్ పటేల్. మహారాష్ట్ర బారామతిలో పుట్టి పుణెలో ఇంజినీరింగ్ చదివాడు. బోస్టన్‌లో స్ట్రాంగ్, జాకో దాన్ని మైక్రోస్కోప్‌కి జోడించి 1972లో గొంతులో చేసిన ఆపరేషన్ల గురించి ప్రచురించారు. ఈ లేజర్‌ని నీళ్ళు పీల్చుకుంటాయి, మన ఒంట్లో అంతా నీళ్ళే కాబట్టి తగిలిన చోట ఆవిరైపోతుంది. రక్తం పెద్దగా రాదు. బాగుంది కదా? బాగుంది, కానీ వేడి. తగలాల్సిన చోటే కాకుండా చుట్టుపక్కల కూడా కాస్త కాలుతుంది, ఆ కాలిన చోట మచ్చ కడుతుంది. పైగా గొంతులోనే ఊపిరి గొట్టం, దాంట్లో ఆక్సిజన్. లేజర్ గొట్టానికి తగిలితే మంటే. అందుకే లేజర్‌ని తట్టుకునే ప్రత్యేక గొట్టాలు వచ్చాయి, పేషెంట్ కళ్ళ మీద తడి గుడ్డ వేస్తారు.

అప్పటి నుంచి ఒక వాదన నడుస్తోంది: కత్తా, లేజరా? జనంలో "లేజర్ అంటే లేటెస్ట్, లేటెస్ట్ అంటే బెస్ట్" అనే నమ్మకం గట్టిగా ఉంది. కొన్ని ఆస్పత్రుల బోర్డుల మీద కూడా అదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అమెరికాలో బెనింజర్ 2000లో ఒక పరీక్ష ప్రచురించాడు. చిన్న గడ్డలున్న పేషెంట్లని చీటీ తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒకరికి చిన్న కత్తులతో, ఇంకొకరికి బాగా సన్నటి చుక్కగా కుదించిన లేజర్‌తో చేశారు. గొంతులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే నా మాటలో చెప్పాలంటే, చెయ్యి మంచిదైతే, పొర ఎక్కడుందో తెలిస్తే రెండూ పనిచేస్తాయి. నాడ్యూల్, పాలిప్, సిస్ట్‌లకి చల్లటి కత్తి చాలా చోట్ల సరిపోతుంది. మాటిమాటికీ తిరిగొచ్చే పులిపిరి లాంటి పాపిలోమాలకి లేజర్ బాగా అక్కరకొస్తుంది.

కొత్తగా ఇంకో లేజర్ ఉంది, కేటీపీ. ఆకుపచ్చ వెలుగు, 532 నానోమీటర్లు. దీన్ని నీళ్ళు కాదు, రక్తంలోని ఎరుపు పీల్చుకుంటుంది. అంటే పై చర్మం గుండా వెళ్ళి, లోపల గడ్డకి రక్తం ఇచ్చే నాళాలని మాడ్చేస్తుంది. సన్నటి ఫైబర్‌లో పంపొచ్చు. ముక్కులోంచి వంగే గొట్టం పెట్టి, మందు కొట్టి తిమ్మిరెక్కించి, పేషెంట్ కుర్చీలో మెలకువగా కూర్చుని ఉండగానే చేయొచ్చు. బోస్టన్‌లో స్టీవెన్ జైటెల్స్ బృందం 2006 ప్రాంతంలో దీని గురించి రాసింది. విచిత్రం చూడండి, బ్రున్స్ తమ్ముడిలాగే మళ్ళీ మెలకువగా కుర్చీలో కూర్చున్న పేషెంట్! మత్తు ఖర్చు లేదు, అదే రోజు ఇంటికి. కానీ చెయ్యి కదలకుండా ఉండే ఆ స్టాండు లేదు, రెండు చేతుల పని లేదు, లోతైన సిస్ట్‌ని ఇలా తీయలేరు. మింగినప్పుడల్లా మడతలు కదులుతాయి.

ఇద్దరు గాయనుల గురించి చెప్పి ముగిస్తాను. హాలీవుడ్ నటి జూలీ ఆండ్రూస్, 1997లో కేన్సర్ కాని గడ్డల కోసమని న్యూయార్క్‌లో ఆపరేషన్ చేయించుకున్నారు. ఆ తర్వాత ఆ పాడే గొంతు తిరిగి రాలేదు. 1999లో కేసు వేశారు, 2000లో రాజీ కుదిరింది. తర్వాత నటిస్తూ, పిల్లల పుస్తకాలు రాస్తూ ఉండిపోయారు. అడెల్‌కి 2011లో మడత మీద రక్తనాళం చిట్లింది, కచేరీలు రద్దయ్యాయి, నవంబర్‌లో బోస్టన్‌లో జైటెల్స్ లేజర్ మైక్రోసర్జరీ చేశాడు. 2012 ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద పాడి, ఆ రాత్రి ఆరు అవార్డులు తీసుకుని వెళ్ళింది. రెండు కేసులూ వేరు, గడ్డలు వేరు, ఒకదాంతో ఇంకోదాన్ని పోల్చి డాక్టర్లకి మార్కులు వేయడం తప్పు. అయితే ఇద్దరూ ఒకే రకం రిస్క్ తీసుకున్నారు, మిల్లీమీటర్ కన్నా పల్చటి పొర మీద.

మీకు కావాల్సిన సంగతి ఒకటి. నాడ్యూల్స్ అయితే మొదటి వైద్యం కత్తీ కాదు, లేజరూ కాదు, వాయిస్ థెరపీ. అంటే మాట్లాడే పద్ధతి మార్చుకోవడం. అరిచే అలవాటు పోకుండా గడ్డ తీస్తే అది మళ్ళీ వస్తుంది. గొంతు బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి లోపల చూపించుకోండి, సిగరెట్ తాగేవాళ్ళైతే అస్సలు ఆలస్యం చేయొద్దు. ఆపరేషన్ అంటే అడగండి: "ఏ గడ్డ? పొర ఎంత తీస్తారు? ముందు వీడియో స్ట్రోబోస్కోపీ చేస్తారా?" స్ట్రోబోస్కోపీ అంటే మెరిసే లైటుతో ఆ అలని నెమ్మదిగా చూపించే పరీక్ష. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు మౌనం పాటించమంటారు. గుసగుసలు కూడా వద్దు. ఫోన్ ఉంది కదా, టైప్ చేయండి.